5 వాట్లకి ఏ తీగ మేలు? నడుముకి ఫీడిచ్చే డైపోలా, కొసకి ఫీడిచ్చే ఎండ్‌ఫెడ్డా?

కొత్తతీగ

అందరికీ నమస్కారం. హామ్ రేడియో (ఔత్సాహిక రేడియో) లైసెన్సు చేతికొచ్చి రెండు నెలలైంది. కిట్టు తెచ్చుకుని నేనే సోల్డర్ చేసుకున్న సీడబ్ల్యూ (మోర్స్ కోడ్) సెట్టు ఒకటుంది. 40, 30, 20 మీటర్ల బ్యాండ్లు. ఎంత పిండినా 5 వాట్లు దాటదు. ఇన్నాళ్లూ క్లబ్బు యాంటెన్నా మీదే కాలక్షేపం చేశాను, ఇప్పుడు నాదంటూ ఒకటి కట్టుకోవాలి. ఒకదాంట్లోంచి ఒకటి లాగే 10 మీటర్ల ఫైబర్‌గ్లాస్ పోల్ ఉంది, పెరట్లో ఓ చెట్టు ఉంది, రెంటి మధ్యా పాతిక మీటర్ల జాగా ఉంది. సెలవు రోజున అదే తీగని సంచిలో వేసుకుని బయటికి తీసుకెళ్లాలని కూడా ఆశ.

క్లబ్బులో ఇద్దరు పెద్దవాళ్లని అడిగాను. ఒకాయన, "ఎండ్‌ఫెడ్ అంటే తోక ఉన్న డమ్మీ లోడు (పవర్‌ని గాల్లోకి పంపకుండా వేడిగా మింగేసే నకిలీ యాంటెన్నా). 100 వాట్లున్నవాడు ఏదైనా కడతాడు, నీకు ఒక్క వాటు పోయినా నష్టమే" అన్నారు. రెండో ఆయన నవ్వేసి, "నువ్వు డైపోల్ కట్టేలోపు బ్యాండ్ మూసుకుపోతుంది" అన్నారు. ఇద్దరూ తల పండినవాళ్లే. మీరు ఎటువైపు? కారణాలతో చెప్పండి, తిట్టుకోకుండా.

డైపోల్‌దాసు

నా పేరు చూశాక నా వైపేదో అడగక్కర్లేదు తమ్ముడూ.

143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే డైపోల్ మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 40 మీటర్ల బ్యాండ్‌లోని 7.03కి 20.3 మీటర్లు, అంటే ఒక్కో చెయ్యి 10.2 కన్నా ఓ పిసరు తక్కువ. తీగకి ప్లాస్టిక్ తొడుగుంటే ఇంకో రెండు మూడు శాతం తగ్గుతుంది. అందుకే కాస్త పొడుగ్గా కోసి, కొసలు మడిచి కట్టి, మీటర్ చూసుకుంటూ సర్దుకో. పోల్ చివర నడుము కట్టి రెండు చేతులూ కిందికి వాలిస్తే ఇన్వర్టెడ్ వీ. ఇంపిడెన్సు (తీగ కరెంటుకి చూపే అడ్డు) సెట్టు కోరే 50 ఓమ్‌ల దాపులోకి దానంతటదే వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ లేదు, ట్యూనర్ (సెట్టుకీ తీగకీ పొత్తు కుదిర్చే డబ్బా) లేదు, వేడెక్కేది లేదు.

ఎండ్‌ఫెడ్‌లో కొస దగ్గర రెండు మూడు వేల ఓమ్‌లుంటాయి. దాన్ని 50కి దించాలంటే 49:1 ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అది ఒకటిన్నర డీబీ (డెసిబెల్, పవర్ ఎన్ని రెట్లు పెరిగిందో తగ్గిందో చెప్పే కొలత) తిన్నదనుకో, 5 వాట్లలో గాల్లోకి వెళ్లేది మూడున్నర. పిట్ట కొంచెం కూత ఘనం అంటారు గానీ, ఆ కూత కూడా గొంతులోనే మింగేస్తే ఎలా?

కొండదారి

దాసుగారి లెక్క తప్పు కాదు. ఆ లెక్కకి ఆయన ఇచ్చే బరువే తప్పు.

5 వాట్లకీ 100 వాట్లకీ తేడా 13 డీబీ. ఎస్ యూనిట్ (రిసీవర్ మీటరు మీద సిగ్నలు బలం చూపే మెట్టు) ఒకటికి 6 డీబీ లెక్కన రెండు ఎస్ యూనిట్లు, ఓ చిల్లర. ఆ రెండూ వదులుకోవడానికి ఇష్టపడే కదా మనం క్యూఆర్‌పీలోకి (చిన్న పవర్‌తో మాట్లాడే ఆటలోకి) వచ్చాం! అలాంటిది పావు ఎస్ యూనిట్ కోసం కన్నీళ్లేంటండీ? సిగ్నలు మామూలుగా ఊగే ఊగుడే దానికి పది రెట్లుంటుంది.

నేను వారం వారం కొండెక్కి సెట్టు పెట్టేవాణ్ణి. పోల్ చివర డైపోల్ నడుము కడితే కోయాక్స్ (సెట్టు నుంచి తీగకి వెళ్లే కేబుల్) బరువంతా సన్నటి కొస మీద పడి పోల్ గాలానికి చేప పడ్డట్టు వంగుతుంది. రెండు చేతులకీ రెండు వైపులా మేకులు కొట్టాలి. శిఖరం మీద అంత చదును ఎక్కడుంటుంది? ఎండ్‌ఫెడ్ అయితే ఒక కొస నా సంచి దగ్గర, రెండోది ఏదో కొమ్మకి. ఎనిమిది నిమిషాల్లో సీక్యూ (ఎవరైనా పలుకుతారా అనే పిలుపు) కొడుతుంటాను.

తమ్ముడికి ఒక్క హెచ్చరిక. 20.3 మీటర్ల ఎండ్‌ఫెడ్ 40లో పలుకుతుంది, 20లో పలుకుతుంది, 15, 10లలో కూడా. 30లో పలకదు. అది 40 ఫ్రీక్వెన్సీకి హార్మోనిక్ (పూర్ణ గుణిజం) కాదు. సెట్టు వైపు నుంచి 14.1 మీటర్ల దగ్గర తీగ తెంపి ఒక లింకు పెట్టుకో. విప్పితే 30, కలిపితే 40, 20.

డైపోల్‌దాసు

లింకులు డైపోల్‌కీ పెట్టుకోవచ్చు మహాప్రభో. నడుము నుంచి 5.1, 7.1, 10.2 మీటర్ల దగ్గర. మూడు బ్యాండ్లూ వస్తాయి.

కొండదారి

వస్తాయి. బ్యాండ్ మార్చిన ప్రతిసారీ పోల్ దించి, రెండు వైపులా నడిచి, మళ్లీ ఎత్తితే.

ఫెరైట్_పిచ్చి

ఇద్దరూ "ట్రాన్స్‌ఫార్మర్ ఇంత తింటుంది" అని గాల్లో అంకెలు విసురుకుంటున్నారు. కొలిచినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

నా మొదటి ఎండ్‌ఫెడ్‌కి ఏదో పాత కేబుల్ మీంచి ఊడదీసిన నల్ల రింగు వాడాను. ఏ మిక్సో (ఫెరైట్ రకమో) తెలీదు. రెండు చుట్లు, పద్నాలుగు చుట్లు, డబ్బాలో పెట్టి మూసేశాను. ఎస్‌డబ్ల్యూఆర్ (పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే నిష్పత్తి, 1 అయితే ఏమీ రానట్టు) చూస్తే 40 నుంచి 10 దాకా ఎక్కడా 1.5 దాటలేదు! ఎగిరి గంతేశాను. మూడు రోజులు పిలిచినా ఒక్కడు పలకలేదు. నాలుగో రోజు అనుమానమొచ్చి కీ ఒక నిమిషం నొక్కి పట్టుకుని డబ్బా తెరిచి రింగు మీద వేలు పెట్టాను. చురుక్కుమంది. 5 వాట్లకే!

అప్పుడు అలాంటిదే ఇంకోటి చుట్టి, రెంటినీ వీపులు కలిపి కట్టాను. అంటే ఎక్కువ చుట్లున్న వైపులు రెండూ ఒకదానికొకటి, ఇటు సెట్టు, అటు వాట్‌మీటరూ 50 ఓమ్‌ల డమ్మీ లోడూ. 5 వాట్లు పోస్తే అటు వచ్చింది 0.8. రెండింటికీ కలిపి 8 డీబీ, ఒక్కోటి 4 డీబీ తింటోందన్నమాట. నా అందమైన ఎస్‌డబ్ల్యూఆర్ అంతా ఆ రింగు వేడే.

తర్వాత ఎఫ్‌టీ140-43 (43 మిక్స్ ఫెరైట్ రింగు) తెచ్చి అదే కొలత చేశాను. 5 పోస్తే 3.3 వచ్చింది, 40 మీటర్ల మీద. ఒక్కోటి 0.9 డీబీ. అంటే తీగకి చేరేది 4 వాట్లు.

ఎందుకింత తేడా? తక్కువ చుట్ల వైపు ఇండక్టెన్సు సెట్టుకి అడ్డంగా కూర్చుంటుంది. దాని రియాక్టెన్సు (ఆ ఫ్రీక్వెన్సీలో కరెంటుకి చూపే అడ్డు) 50 ఓమ్‌లకి కనీసం నాలుగైదు రెట్లుంటే కరెంటు రింగులో వృథాగా తిరగదు. ఎఫ్‌టీ140-43కి ఏఎల్ విలువ (చుట్ల వర్గంతో గుణిస్తే ఇండక్టెన్సు ఇచ్చే అంకె) 885 నానోహెన్రీల చుట్టుపక్కల. రెండు చుట్లకి 3.5 మైక్రోహెన్రీలు, 7 మెగాహెర్ట్జ్ దగ్గర 156 ఓమ్‌లు. మూడు రెట్లే, అంతంతమాత్రం. సంచిలోకి బాగుంటుందని చాలామంది వాడే చిన్న ఎఫ్‌టీ82-43 మీద అవే రెండు చుట్లు చుడితే 98 ఓమ్‌లు. అక్కడే మునుగుతున్నారు. అదే చిన్న రింగు మీద మూడు, ఇరవై ఒకటి చుట్టు, 220 ఓమ్‌లొస్తాయి. ఫెరైట్ గుణం ఫ్రీక్వెన్సీతో మారుతుంది కాబట్టి ఇది ముతక లెక్కే, కానీ చెడ్డ చుట్టుని ముందే పట్టిస్తుంది. చుట్లు పెంచినకొద్దీ పై బ్యాండ్లలో, ముఖ్యంగా 10 మీటర్లలో, దెబ్బ తింటుంది. తక్కువ చుట్ల వైపు 100 పికోఫారాడ్ల కెపాసిటర్ అడ్డంగా వేస్తే ఆ దెబ్బ కొంత తగ్గుతుంది. తమ్ముడికి 20 దాటి పనిలేదు కాబట్టి మూడు చుట్లు నిశ్చింతగా వేసుకోవచ్చు.

డైపోల్‌దాసు

చూశారా! ఈయనకి వాట్‌మీటరుంది, డమ్మీ లోడుంది, రెండోది చుట్టే ఓపికుంది. కొత్తవాడికి ఇవన్నీ ఎక్కణ్ణుంచి వస్తాయి? డైపోల్‌లో తప్పు చేద్దామన్నా చోటేదీ? రెండు తీగ ముక్కలు!

ఇంకో మాట. తీగకి ఒక్క కొసే అని మీరనుకుంటున్నారు. కరెంటుకి తిరుగుదారి కావాలి. ఎండ్‌ఫెడ్‌లో ఆ రెండో సగం మీ కోయాక్స్ పైతొడుగు, మీ సెట్టు, మీ చెయ్యి. అర తరంగం తీగ కొసలో కరెంటు తక్కువే, కానీ సున్నా కాదు. వోల్టేజీ చూస్తే, 5 వాట్లు రెండున్నర వేల ఓమ్‌లలోకి అంటే 112 వోల్టులు. పట్టుకుంటే చచ్చిపోరు గానీ పట్టుకోకండి.

రాత్రిబ్యాండు

దాసుగారు చెప్పిన ఆ పైతొడుగు కరెంటుకి రెండో ముఖం ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోవట్లేదు. ఇంట్లో ఎల్‌ఈడీ బల్బులు, చార్జర్లు, ఇన్వర్టర్లు చేసే రొదంతా అదే దారిలో రిసీవర్లోకి ఎక్కుతుంది. నా ఎండ్‌ఫెడ్‌కి మొదట్లో 40 మీద మీటరు ఎస్7 దగ్గర నిలబడి ఉండేది. యాంటెన్నా బాగా వింటోందని మురిసిపోయాను. అది వినడం కాదు, మా ఇంటి సొంత గోల.

ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 2 మీటర్లు కోయాక్స్ వదిలి (40 మీటర్లలో ఇరవయ్యో వంతు), అక్కడ పెద్ద 43 మిక్స్ రింగు మీద సన్న కోయాక్స్ పన్నెండు చుట్లు చుట్టి చోక్ పెట్టాను. ఆ 2 మీటర్లే తిరుగుదారి, ఆపైన ఇంటి వైపు తలుపు మూసినట్టే. గోల ఎస్5కి దిగింది. అంతకుముందు మునిగిపోయిన సన్న సిగ్నళ్లు తేలాయి. చోక్‌ని ట్రాన్స్‌ఫార్మర్‌కి ఆనించి పెట్టకండి, తిరుగుదారే లేకుండా పోయి ఎస్‌డబ్ల్యూఆర్ పిచ్చిగా ఊగుతుంది.

డైపోల్‌కి కూడా నడుము దగ్గర 1:1 చోక్ కావాలి దాసుగారూ. "రెండు తీగ ముక్కలు" అని ఊరుకుంటే మీ కోయాక్స్ కూడా మూడో చెయ్యి అవుతుంది.

కొండదారి

అక్కా, చోక్ విషయం ఒప్పుకుంటాను. కానీ క్యూఆర్‌పీ వాడికి వినడం అసలు చిక్కు కాదు కదా. అవతలివాడు 100 వాట్లతో ఉంటే వాడు నాకు 13 డీబీ ఎక్కువగానే వినిపిస్తాడు. నేను వాడికి వినిపించడమే పని.

రాత్రిబ్యాండు

మీ కొండ మీద నిజమే, అక్కడ బల్బులు లేవు. నా ఇంట్లో రొద అవతలివాడి దగ్గరకన్నా 20 డీబీ ఎక్కువుంటే ఆ 13 ఎటుపోయింది? అవతలివాడు కూడా 5 వాట్లవాడైతే ఇక చెప్పేదేముంది? పిలిచిన నాకే జవాబు వినపడక, వాడు పిలిచి పిలిచి వెళ్లిపోయిన సందర్భాలు నాకు తర్వాత లాగ్‌బుక్కు చూస్తే తెలిశాయి. సిగ్గేసింది.

నిలువుతీగ

ఒక డీబీ కోసం ఇన్ని పోస్టులు! ఎత్తు గురించి ఒక్కరైనా అడిగారా?

40 మీటర్లకి 10 మీటర్ల ఎత్తు అంటే పావు తరంగం. డైపోలైనా ఎండ్‌ఫెడ్డైనా దాని శక్తి ఎక్కువగా నెత్తి మీదికే పోతుంది. నాలుగైదు వందల కిలోమీటర్ల లోపు మాట్లాడ్డానికి అదే మంచిది, దూరాలకి కాదు. అదే 10 మీటర్లు 20 మీటర్ల బ్యాండ్‌కి అర తరంగం, 30 డిగ్రీల కోణంలో చక్కగా వెళ్తుంది. ఆ పోల్‌కే 5.1 మీటర్ల తీగ నిలువుగా చుట్టి, నేలకి ఓ మీటరున్నర ఎత్తులో అంతే పొడవు రేడియల్స్ (చుట్టూ అడ్డంగా సాగే తీగలు) రెండో నాలుగో లాగితే, 20లో ఇంకా కింది కోణం. చెట్టూ అక్కర్లేదు.

డైపోల్‌దాసు

నిలువు తీగ అన్ని దిక్కులకీ సమానంగా చెడ్డది అన్న జోకు ఊరికే పుట్టలేదు. కింది కోణం అంటున్నారు, ఆ కోణంలో వెళ్లేది ఎంత? మామూలు నేల సగం తాగేస్తుంది. సముద్రపు ఒడ్డున ఉప్పునీటి పక్కన అయితే మీకు సాష్టాంగం చేస్తాను. తమ్ముడు చెప్పింది పెరడు.

నిలువుతీగ

రేడియల్స్ నేల మీద పరిచిన నాలుగు ముక్కలైతే మీరన్నది నిజం. నేనన్నది పైకెత్తి కట్టినవి. చదివి కొట్టండి.

గాలిపటం

మధ్యలో వచ్చినందుకు మన్నించండి. 12.5 మీటర్ల తీగ, 9:1 అన్‌అన్ (ఇంపిడెన్సు మార్చే ట్రాన్స్‌ఫార్మర్), ట్యూనర్. అన్ని బ్యాండ్లూ వస్తున్నాయి. దీని గురించి ఎవరూ మాట్లాడరేం?

ఫెరైట్_పిచ్చి

ఆ పొడవు ఏ బ్యాండ్‌లోనూ అర తరంగం దగ్గరికి రాదు కాబట్టి ట్యూనర్ సర్దుకోగలుగుతోంది, అంతే దాని గొప్ప. 9:1 అన్నది 450 ఓమ్‌లకి చేసినది. మీ తీగ ఒక్కో బ్యాండ్‌లో ఒక్కో ఇంపిడెన్సు చూపిస్తుంది. అన్‌అన్‌కీ ట్యూనర్‌కీ మధ్య కోయాక్స్ పొడుగ్గా ఉంటే నష్టం అక్కడే. అన్‌అన్ సెట్టు పక్కనే పెట్టి, ఓ 5 మీటర్ల కౌంటర్‌పాయిజ్ (తిరుగుదారి తీగ) నేల మీద పడేస్తే పని జరుగుతుంది. ఇంతకు మించి దాని మీద నాకు ప్రేమ లేదు.

పాతరేడియో

కొసకి ఫీడిచ్చే తీగ ఈమధ్య వచ్చిన ఫ్యాషన్ అనుకుంటున్నారు పిల్లలు. జెప్పెలిన్ గాలి ఓడల కింద వేలాడదీసిన తీగ ఇదే. పైన హైడ్రోజన్ సంచులు! ఎక్కువ వోల్టేజీ కొస ఓడకి దూరంగా ఉండాలని సమాంతర తీగల లైనుతో ఫీడిచ్చారు. మనం ఇంకా "జెప్" అనే పిలుస్తాం.

ఆ సమాంతర తీగల లైనునే మీరంతా మర్చిపోయారు. తమ్ముడూ, 20 మీటర్ల తీగని నడిమికి కోసి, 300 ఓమ్‌ల రిబ్బనో, నువ్వే ప్లాస్టిక్ ముక్కలతో ఎడం పెట్టి చేసుకున్న నిచ్చెన లైనో తగిలించు. కింద బ్యాలెన్స్‌డ్ ట్యూనర్. 40, 30, 20 మూడూ పోల్ దించకుండా వస్తాయి, లింకులు లేవు, రింగు వేడెక్కడం లేదు. 30లో ఇంపిడెన్సు ఎక్కడికో పోతుంది, పోనీ. అదే తేడాని కోయాక్స్‌లో పంపితే వేడిగా తగలబడుతుంది, నిచ్చెన లైనులో చాలా కొద్దిగానే పోతుంది.

చిక్కులు దాచను. లైను ఇనుప కిటికీ చువ్వలకి తగలకూడదు, గాలికి మెలిపడుతుంది, వాన పడితే రిబ్బన్ లైను ట్యూనింగు జరుగుతుంది. సంచిలో ఇంకో డబ్బా మోయాలి.

కొండదారి

గురువుగారూ, మీ డబ్లెట్ (ఆ నిచ్చెన లైను తీగ) ఇంటికి మహారాజు. కొండకి మాత్రం నాకొద్దు.

దాసుగారికి ఒక ప్రశ్న మిగిలిపోయింది. పోల్ వంగకుండా మీరు పట్టుకెళ్లే డైపోల్‌కి ఏ కోయాక్స్ వాడతారు?

డైపోల్‌దాసు

బయటికైతే ఆర్‌జీ174, సన్నది. ఎందుకు?

కొండదారి

ఎంత పొడవు?

డైపోల్‌దాసు

పోల్ ఎత్తు, ప్లస్ కూర్చునే చోటు దాకా. 12, 13 మీటర్లు.

కొండదారి

14 మెగాహెర్ట్జ్ మీద ఆర్‌జీ174 10 మీటర్లకి 1.2 డీబీ చుట్టుపక్కల తింటుంది. మీ 13 మీటర్లకి ఒకటిన్నర. మొదటి పోస్టులో నా ట్రాన్స్‌ఫార్మర్ మీద వేసిన నింద అక్షరాలా అంతే! నాది సెట్టు పక్కనే మొదలవుతుంది, కోయాక్స్ రెండు మీటర్లు చాలు. మీరు పైకెక్కించే దారిలో పోగొట్టుకున్నదే నేను రింగులో పోగొట్టుకుంటున్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది.

డైపోల్‌దాసు

లావుపాటి ఆర్‌జీ58 వాడితే సగమే పోతుంది.

కొండదారి

పోల్ వంగుతుంది.

డైపోల్‌దాసు

చెట్టుకి కట్టుకుంటాను. మీలాగా మొబైల్లో ఫొటో కోసం కొండలెక్కేవాణ్ణి కాను.

వేదిక నిర్వాహకులు

తీగల గురించి మాట్లాడుకుందాం, మనుషుల గురించి కాదు. ఇంకో పోస్టు ఇలా వస్తే ఈ చర్చా దారానికి తాళం.

కొత్తతీగ

అందరికీ ధన్యవాదాలు. నిజానికి ఇప్పుడు ఇంకా ఎక్కువ అయోమయంగా ఉంది. ఫెరైట్ గారు చెప్పిన నల్ల రింగు కథ విన్నాక ఎస్‌డబ్ల్యూఆర్ మీద నమ్మకం పోయింది. మరి ఏది బాగా పనిచేస్తోందో నాకెలా తెలుస్తుంది?

ఫెరైట్_పిచ్చి

డమ్మీ లోడుకి కూడా ఎస్‌డబ్ల్యూఆర్ 1:1 ఉంటుంది తమ్ముడూ, దాంతో ఎవరితోనూ మాట్లాడలేం. 2:1 ఉన్నా సెట్టుకి వెనక్కి తిరిగొచ్చేది 11 శాతమే. ఆ అంకె గురించి అంత బెంగ వద్దు.

రెండూ కట్టి పోల్చు. క్లబ్బులో విస్పర్ బీకన్ (తనంతట తానే చిన్న సిగ్నలు పంపుతుండే డబ్బా) ఉంటే అరువు తెచ్చుకో, 200 మిల్లీవాట్లది చాలు. జో టేలర్ 2008లో చేసిన పద్ధతి. పల్సార్ల మీద పరిశోధనకి 1993లో భౌతికశాస్త్రంలో నోబెల్ పంచుకున్నాయన మన బలహీనమైన సిగ్నళ్ల కోసం కూర్చుని ప్రోగ్రాం రాశాడంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. సరిసంఖ్య నిమిషం మొదట్లో ప్రసారం మొదలై రెండు నిమిషాలకి కాస్త తక్కువగా సాగుతుంది. విన్న స్టేషన్లు సిగ్నలు-రొద నిష్పత్తిని డీబీల్లో నెట్‌లో పెడతాయి. ఒక విడత డైపోల్ మీద, తర్వాతి విడత ఎండ్‌ఫెడ్ మీద, గంటల తరబడి మార్చి మార్చి పంపు. ఒకే స్టేషన్ పక్కపక్క విడతల్లో ఇచ్చిన అంకెల తేడా మాత్రమే చూడు. ఒకరోజు ఇది, మర్నాడు అది అని పోలిస్తే అయనోస్ఫియర్‌ని కొలుస్తావు, తీగని కాదు.

రెండు తీగలూ పక్కపక్కన సమాంతరంగా కట్టకు. ఖాళీగా ఉన్నది కూడా కరెంటు మోస్తుంది. వీలైనంత అడ్డంగా కట్టు. దగ్గర్లో కరెంటు వైర్ల స్తంభం ఉంటే, దాని వైపు మాత్రం పోల్ గానీ తీగ గానీ పడ్డా అందనంత దూరం చూసుకో, ఇది తమాషా కాదు.

కొత్తతీగ (మూడు వారాల తర్వాత)

చేశాను. ఇన్వర్టెడ్ వీ, నడుము 9 మీటర్ల దగ్గర, రాత్రిబ్యాండు గారు చెప్పిన చోక్‌తో. ఎండ్‌ఫెడ్ దానికి దాదాపు అడ్డంగా, పై కొస అదే ఎత్తులో, చిన్న రింగు మీద మూడు, ఇరవై ఒకటి చుట్లు. నాలుగు రాత్రులు, రెండు పగళ్లు.

40లో జతలన్నీ కలిపి సగటు తేడా అర డీబీ, డైపోల్ వైపు. విస్పర్ ఇచ్చేవే ఒక్కో డీబీ మెట్లు కాబట్టి దాన్ని గెలుపు అనలేను. 20లో మాత్రం వింత. కొన్ని స్టేషన్లకి ఎండ్‌ఫెడ్ 5, 6 డీబీ ఎక్కువ, ఇంకొన్నిటికి అంతే తక్కువ. దిక్కుని బట్టి వేరు చేస్తే గుంపులు గుంపులుగా విడిపోయాయి.

సన్నటి తీగ వాడాను, 0.4 మిల్లీమీటర్లది. దానివల్ల ఏమైనా పోయిందంటారా?

ఫెరైట్_పిచ్చి

శభాష్! ఇంత ఓపిక ఇక్కడ ఎవరికీ లేదు, నాతో సహా.

20లో నీ ఎండ్‌ఫెడ్ ఒక పూర్తి తరంగం పొడవు. డైపోల్‌లాగా అడ్డంగా రెండు పెద్ద లోబులు (సిగ్నలు జోరుగా వెళ్లే దిక్కులు) కాకుండా ఏటవాలుగా నాలుగు లోబులు వేస్తుంది, మధ్యలో గుంటలు. నీ గుంపులు అవే. ఇక్కడ ఏది మేలన్న ప్రశ్నే లేదు, ఎవరితో మాట్లాడాలన్నదే.

సన్న తీగ 40లో 0.3, 0.4 డీబీ దగ్గర తింటుంది, రెంటికీ సమానంగా. లాగితే తెగుతుందేమో చూసుకో, అంతే.

ఒక్క సంగతి చెప్పు, కోయాక్స్‌లు ఏంటి, ఎంతెంత?

కొత్తతీగ

రెండూ ఆర్‌జీ174. డైపోల్‌కి 12 మీటర్లు, ఎండ్‌ఫెడ్‌కి 4.

కొండదారి

😀

డైపోల్‌దాసు

ఆ నవ్వు దాచుకో నాయనా. 8 మీటర్ల అదనపు కోయాక్స్ మోసుకుంటూ కూడా నా డైపోల్ అర డీబీ ముందుంది! తమ్ముడూ, చెట్టుకి కట్టి ఆర్‌జీ58 వేసి, 40లో మళ్లీ నాలుగు రాత్రులు నడిపి అంకెలు ఇక్కడ పెట్టు. అప్పటిదాకా ఈ దారానికి తాళం వెయ్యొద్దని నిర్వాహకులకి మనవి.

కొత్తతీగ

వేస్తాను దాసుగారూ. కానీ బీకన్ శనివారానికల్లా తిరిగి ఇచ్చేయాలి, పైగా ఎండ్‌ఫెడ్ తాడు కొమ్మల్లో ఇరుక్కుని రావట్లేదు. ముందు అది దించే ఉపాయం ఎవరైనా చెప్పండి.

పాతరేడియో

లాగకు. ఎక్కువ లాగితే ముడి ఇంకా బిగుస్తుంది. రెండో కొస వదిలేసి, గాలి ఊగే వేళ మెల్లగా వదులు చేస్తూ ఉండు. బరువు కట్టిన కొస అయితే దాన్నే కోసెయ్యి, తాడు కొత్తది కొనుక్కోవచ్చు.